మెట్టుకు పసుపో కుంకుమో: అనంతాన్ని ఊహించే దారులు

అలిపిరి మెట్ల దారిలో మెట్ల పూజ చేస్తూ ఎక్కేవాళ్లు ఏ రోజు చూసినా కనిపిస్తారు. వంగి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పై మెట్టు ఎక్కి మళ్లీ వంగుతారు. అలా కొండ మీదికి 3,550 మెట్లు. ఆ పూజలో ఒక్క చిన్న మార్పు ఊహించుకుందాం. మెట్టుకు రెండూ పెట్టకూడదు, ఏదో ఒకటే పెట్టాలి. పసుపా, కుంకుమా అన్నది ఎక్కేవారి ఇష్టం. కానీ అడుగు నుంచి పైదాకా ఒకరు పెట్టుకుంటూ పోయిన వరస ఇంకొకరిది కాకూడదు. అప్పుడు మొత్తం ఎంతమంది ఎక్కగలరు?

ఒక మెట్టయితే ఇద్దరు. రెండు మెట్లయితే నలుగురు. మెట్టు పెరిగినప్పుడల్లా సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి పది మెట్లకు 1,024 మంది, ఇరవై మెట్లకు పది లక్షలు దాటిపోతారు. 3,550 మెట్లకు వచ్చే సంఖ్యను కాగితం మీద రాయాలంటే 1,069 అంకెలు పడతాయి. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువులన్నిటికీ శాస్త్రవేత్తలు కట్టిన అంచనా రాయడానికైతే అటూఇటుగా 80 అంకెలు చాలు.

ఇంత పెద్ద సంఖ్య చూశాక అనంతం అంచుకు వచ్చేశామనిపిస్తుంది. రాలేదు. ఈ సంఖ్య దగ్గర నిలబడి ముందుకు చూసినా, ఒకటి దగ్గర నిలబడి ముందుకు చూసినా మిగిలిన దారి అంతే ఉంటుంది. అనంతం అంటే చాలా చాలా పెద్ద సంఖ్య అని చిన్నప్పుడు మన బుర్రలో పడే మాట ఎంత దారి తప్పిస్తుందో ఇక్కడే తెలుస్తుంది. అనంతం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మొట్టమొదట మాన్పించాల్సిన అలవాటు ఇదేనని నా అభిప్రాయం. పెద్దదాన్ని ఇంకా పెద్దది చేస్తూ పోతే అనంతం రాదు, ఇంకో పెద్ద సంఖ్య వస్తుంది.

మన పురాణాలు కాలానికి కట్టిన లెక్కలూ ఈ కోవలోవే. కలియుగానికి 4,32,000 ఏళ్లు, కల్పానికి 432 కోట్ల ఏళ్లు, బ్రహ్మ ఆయుష్షుకు 311 లక్షల కోట్ల ఏళ్ల పైచిలుకు. వాటిని తలుచుకోవడానికే గుండె దిటవు కావాలి. కానీ అన్నీ ముగిసేవే. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రాతిగోడలో భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించిన ఒక సరిహద్దు ఉంది, ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. దాని కింది రాయికీ పైరాయికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం. ఆ గీత మీద చేయి పెడితే అంత కాలమూ వేళ్ల కింద ఉన్నట్టే. అదీ లెక్కకు అందేదే.

అదే సంప్రదాయంలో అనంతాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్న చూపు కూడా ఉంది. ఈశావాస్యోపనిషత్తు శాంతిమంత్రం 'పూర్ణమదః పూర్ణమిదం' అని మొదలై, పూర్ణంలోంచి పూర్ణాన్ని తీసేసినా పూర్ణమే మిగులుతుంది అంటుంది. ఎంత పెద్దది అన్న ప్రశ్నే అక్కడ లేదు. తీస్తే ఏమవుతుంది అన్నదే సంగతి. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఈ చూపునే లెక్కల్లోకి తెచ్చాడు. ఒక సంఖ్యను సున్నతో భాగించగా వచ్చేదాన్ని ఖహరం అన్నాడు. దానికి ఎంత కలిపినా, దానిలోంచి ఎంత తీసినా మార్పు ఉండదన్నాడు. ప్రళయకాలంలో ప్రాణికోటి అంతా లోపలికి వెళ్లినా, సృష్టికాలంలో అంతా బయటికి వచ్చినా అనంతుడైన అచ్యుతుడిలో ఏ మార్పూ రాదు కదా, ఇదీ అంతే అని పోల్చాడు. ఆదిశేషుడి పడగలుగా కొలిచే కొండల కింద బతుకుతున్నవాళ్లకు ఆ పోలిక ఇట్టే అందుతుంది.

సున్నతో భాగించడం మీద అప్పటికే మన గణితజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. 628లో బ్రహ్మగుప్తుడు దాన్ని సున్న హారంగా ఉన్న భిన్నంగా అలాగే ఉంచేశాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సున్నతో భాగిస్తే సంఖ్య మారకుండా ఉంటుందన్నాడు. ఈయన రాసిన గణితసారసంగ్రహాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఇప్పటి గణితం ఆ భాగహారాన్నే ఒప్పుకోదు. ఒకటిని సున్నతో భాగించినా, రెండును సున్నతో భాగించినా ఒకే ఖహరం వస్తే, దాన్ని తిరిగి సున్నతో గుణించినప్పుడు ఒకటి రావాలా, రెండు రావాలా? అందుకని భాగహారంగా ఖహరం నిలవలేదు. దాని నడవడిక గురించి భాస్కరుడు చెప్పిన మాట మాత్రం నిలిచింది. ఎంత ఉంది అని అడగొద్దు, కలిపితే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది, దేనితో జత కుదురుతుంది అని అడగాలి. అనంతాన్ని ఊహించడానికి నాకు తెలిసిన మంచి దారులన్నీ ఈ ప్రశ్నల్లోంచే బయల్దేరతాయి.

వడ్డీకాసులవాడి లెక్క

పద్మావతీదేవితో పెళ్లికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ తిరుపతిలో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. ఆ కథలో వడ్డీకి ఒక గడువుంది. ఆ గడువు కూడా తీసేసి, అసలు ఎన్నటికీ తీరకుండా వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోయే అప్పును తలుచుకుందాం. వంద రూపాయల అప్పు, నూటికి రూపాయి వడ్డీ. నెలకో రూపాయి చొప్పున, అంతం లేకుండా.

రూపాయలను ఊరికే కూడుకుంటూ పోతే ఆ మొత్తానికి హద్దుండదు. కానీ అప్పిచ్చిన మనిషి, ఎప్పటికీ వడ్డీ అందుకునే ఆ హక్కును ఈ రోజే ఇంకొకరికి అమ్మేయాలనుకుంటే ఎంత అడగాలి? వడ్డీ రేటు అదే అయితే వంద రూపాయలు, పైసా ఎక్కువ కాదు.

వచ్చే నెల చేతికొచ్చే రూపాయి ఈ రోజు రూపాయి కాదు. ఈ రోజు 99 పైసలు వడ్డీకి తిప్పితే వచ్చే నెలకు రూపాయి అవుతుంది, కాబట్టి దాని నేటి విలువ 99 పైసలే. ఆపై నెల రూపాయికి నేటి విలువ 98 పైసలు, దాని తర్వాతదానికి 97. ఇలా అరుగుతూ పోతాయి. మొదటి పదేళ్ల వడ్డీల నేటి విలువలన్నీ కూడితే దాదాపు 70 రూపాయలు. ఇరవై ఏళ్లకు 91 రూపాయల దగ్గరికి వస్తుంది. నలభై ఏళ్లకు 99 దాటుతుంది. ఆ తర్వాత మిగిలిన కాలమంతా, మనవలూ మునిమనవలూ వాళ్ల తర్వాతివాళ్లూ అందుకునేదంతా కలిపి ఒక్క రూపాయికి లోపే. అంతులేనన్ని వాయిదాలు వందలో ఒదిగిపోయాయి. ఇది కథ కోసం కట్టిన లెక్క కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 18వ శతాబ్దంలోనే అసలు తీర్చే గడువు లేని బాండ్లు అమ్మింది, అలాంటివాటిలో మిగిలినవాటిని 2015లో డబ్బు కట్టి వెనక్కి తీసుకుంది. గడువు లేని వడ్డీకి జనం అన్నేళ్లూ హద్దున్న ధరే కట్టారు.

వాయిదాల విలువ తగ్గుతూ పోయింది కాబట్టి మొత్తం హద్దులో ఉండిపోయింది అని సరిపెట్టుకోవచ్చా? అక్కడే పొరపాటు పడతాం. తగ్గడం ఒక్కటే చాలదు, ఎంత జోరుగా తగ్గుతోందో చూడాలి.

చిత్తూరు పక్కన కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడు నేటికీ పెరుగుతున్నాడని భక్తుల విశ్వాసం. ఒకప్పుడు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని అక్కడికి వెళ్లినవాళ్లకు చెబుతారు. విశ్వాసాన్ని కొలబద్ద పెట్టి కొలవడం నా ఉద్దేశం కాదు. కానీ ఎప్పటికీ పెరుగుతూనే ఉండే వస్తువు ఎప్పటికో ఆకాశాన్ని తాకి తీరాలా అన్న ప్రశ్న ఆ ఆలయంలో చాలామందికి వచ్చే ఉంటుంది. తాకాలని లేదు. ఒక రాయి మొదటి ఏడు అంగుళం, రెండో ఏడు అరంగుళం, మూడో ఏడు పావు, ఇలా ఏటికేడు సగం చొప్పున పెరిగితే, ప్రతి ఏడూ పెరుగుతూనే ఉంటుంది గానీ రెండంగుళాలు ఎన్నటికీ దాటదు.

ఇంకో రాయి ఉంది. మొదటి ఏడు అంగుళం, రెండో ఏడు రెండింట ఒక వంతు, మూడో ఏడు మూడింట ఒక వంతు, నాలుగో ఏడు నాలుగింట ఒక వంతు. చూపుకు ఇదీ మందగిస్తున్నదే. పది లక్షల ఏళ్లు కాచుకుంటే పద్నాలుగు అంగుళాలు దాటి కొంచెం, అంతే పెరుగుతుంది. వంద అంగుళాలు దాటడానికి పట్టే ఏళ్లను రాయాలంటే 44 అంకెలు కావాలి. అయినా ఈ రాయికి హద్దు లేదు. మీరు ఏ ఎత్తు చెప్పినా ఒకనాటికి దాటి తీరుతుంది. ఎందుకో 14వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన నికోల్ ఒరెమ్ చూపించాడు. మూడో వంతు, నాలుగో వంతు కలిపితే సగం కన్నా ఎక్కువ. ఐదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా నాలుగు ముక్కలు, ఒక్కోటీ ఎనిమిదో వంతుకు తగ్గవు, కలిపితే మళ్లీ సగానికి పైనే. తర్వాతి ఎనిమిది ముక్కలూ అంతే, ఆపై పదహారూ అంతే. గుంపు పొడవు రెట్టింపవుతూ పోతుంది, కానీ ప్రతి గుంపూ కనీసం ఒక సగాన్ని ఇస్తుంది. సగాలు అంతులేకుండా వస్తుంటే ఏ ఎత్తయినా ఏం ఆగుతుంది?

ఇంచుమించు ఆ కాలంలోనే కేరళలో సంగమగ్రామ మాధవుడు ఇలాంటి అంతులేని కూడికలనూ తీసివేతలనూ ఆయుధం చేసుకున్నాడు. ఒకటిలోంచి మూడో వంతు తీసి, ఐదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, అలా పోతూ ఉంటే వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగించిన విలువలో నాలుగో వంతు వస్తుందని ఆయన కనిపెట్టాడు. 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు దాని వివరణను మలయాళంలోనే, యుక్తిభాషలో రాసిపెట్టాడు. యూరప్ ఆ సంగతికి వచ్చేసరికి 17వ శతాబ్దం సగం దాటింది.

మెట్లన్నీ నిండిపోయిన రోజు

ఇప్పటిదాకా చూసిన అనంతం ఒక నడక. ఇంకో వాయిదా, ఇంకో ఏడాది, ఆగకుండా. ఆ నడక ఎప్పటికీ పూర్తికాదు. అరిస్టాటిల్ కాలం నుంచి చాలామంది పెద్దలు ఇంతవరకే ఒప్పుకున్నారు. నడక పూర్తయిపోయినట్టు, అంతా ఒకేసారి కళ్లముందు ఉన్నట్టు మాట్లాడటం గణితంలో చెల్లదని జర్మన్ గణితజ్ఞుడు గౌస్ 1831లో ఒక ఉత్తరంలో గట్టిగా రాశాడు.

అంత పెద్దాయన వద్దన్న పనే చేసి చూద్దాం. చివరి మెట్టు అనేదే లేని కొండ ఒకటి తలుచుకోండి. కింది నుంచి మెట్లకు 1, 2, 3 అని నంబర్లు. ఏ మెట్టు మీద నిలబడినా పైన ఇంకొకటి ఉంటుంది. ఆ మెట్లన్నీ ఇప్పుడే, ఒకేసారి ఉన్నాయి. వైకుంఠ ఏకాదశి రద్దీ. మెట్టుకు ఒకరు చొప్పున అందరూ కూర్చున్నారు, ఒక్క మెట్టు కూడా ఖాళీ లేదు. అప్పుడు కింద ఒక అవ్వ వచ్చి నిలబడింది.

మామూలు కొండయితే ఆమెను వెనక్కి పంపాలి, లేదా ఎవర్నో లేపాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. 'స్వామీ, అందరూ ఒక్క మెట్టు పైకి జరగండి' అని కేకేస్తే చాలు. ఒకటో మెట్టు మనిషి రెండుకు, రెండో మెట్టు మనిషి మూడుకు, అలా అందరూ జరుగుతారు. అవ్వకు ఒకటో మెట్టు దొరికింది. చోటు పోయినవాళ్లెవరూ లేరు, ఎందుకంటే తోసేయడానికి చివరి మెట్టు లేదు. ఖహరానికి ఒకటి కలిపినా మారదన్న భాస్కరుడి మాట ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇంకొంచెం ముందుకు పోదాం. చంద్రగిరి వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారికి నిజంగా ఉన్నవి 2,388 మెట్లు. మన ఊహలో దానికీ అంతం లేదనుకుందాం, అదీ పూర్తిగా నిండి ఉందనుకుందాం. వానకు కొండచరియలు పడి ఆ దారి మూసేశారు. అక్కడివాళ్లందరినీ అలిపిరి దారిలోనే సర్దాలి. ఒక్కో మెట్టు జరిగితే ఇక్కడ పని జరగదు. అలిపిరివాళ్లు ప్రతి ఒక్కరూ తమ నంబరుకు రెట్టింపు మెట్టుకు వెళ్లాలి. ఒకటి రెండుకు, రెండు నాలుగుకు, మూడు ఆరుకు. బేసి మెట్లన్నీ ఖాళీ అయ్యాయి. శ్రీవారి మెట్టు నుంచి వచ్చినవాళ్లు వరసగా 1, 3, 5, 7 మీద కూర్చుంటారు. రెండు అనంతాలు ఒక అనంతంలో ఇమిడాయి, ఎవరూ ఇరుకు పడలేదు. జర్మన్ గణితజ్ఞుడు డేవిడ్ హిల్బర్ట్ 1924-25లో చేసిన ఉపన్యాసాల్లో ఇదే విషయాన్ని గదులన్నీ నిండిన హోటల్‌గా చెప్పాడు.

ఇందులో ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. సరి మెట్లు మొత్తం మెట్లలో ఒక భాగమే. అయినా అన్ని మెట్లలో ఉన్నవాళ్లూ సరి మెట్లలోనే సరిపోయారు. భాగమూ మొత్తమూ సమానమెలా అవుతాయి? 1638లో గెలీలియో దీన్నే వర్గసంఖ్యలతో చూశాడు. 1, 4, 9, 16 అనే వర్గాలు సంఖ్యల మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఇంకా పలచబడతాయి. కానీ ప్రతి సంఖ్యకూ ఒక వర్గం ఉంది, ప్రతి వర్గానికీ ఒక సంఖ్య ఉంది, జతలు తప్పకుండా కుదురుతాయి. అందుకని అనంతాల దగ్గర ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలే వాడకూడదని ఆయన తేల్చాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత 1888లో జర్మన్ గణితజ్ఞుడు రిచర్డ్ డెడెకిండ్ అదే వింతను తలకిందులు చేసి నిర్వచనంగా పెట్టాడు. తనలో ఒక భాగంతో తాను పూర్తిగా జత కుదరగలిగేదే అనంతం అన్నాడు. గెలీలియో ఆగిపోయిన గోడనే డెడెకిండ్ గుమ్మం చేశాడు. గణిత చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇది.

కుంకుమ భరిణె ఖాళీ అవుతుందా, అవదా

ఇంతవరకు వచ్చాక అనంతాలన్నీ ఒకటేనేమో, ఏదైనా సరే ఈ మెట్ల మీద సర్దేయవచ్చేమో అనిపించడం సహజం. భిన్నాలన్నీ కూడా ఇలాగే సర్దుకుంటాయి. అనంతాలలోనూ రకాలున్నాయని మన జైన గ్రంథాలు ఏనాడో అన్నాయి. అయితే ఒకటి ఇంకోదానికన్నా పెద్దదని నిరూపించిన మనిషి జర్మనీలో పనిచేసిన గణితజ్ఞుడు గేయొర్గ్ కాంటర్. 1874లో మొదటిసారి చూపించి, 1891లో ఇంకా సులువైన దారిలో చూపించాడు. ఆ రెండో దారిని మెట్ల పూజలోకి తెచ్చుకుందాం.

మొదటి ఊహ ఇది. అంతులేని మెట్ల మీద, మెట్టుకు పసుపో కుంకుమో ఏదో ఒకటే పెట్టుకుంటూ భక్తులు ఎక్కుతున్నారు. పసుపు ఎంత కావాలంటే అంత ఉంది. కుంకుమ మాత్రం ఎవరికి వాళ్లు భరిణెలో తెచ్చుకున్నదే. ఒకరిది చిన్న భరిణె, ఒకరిది కోటి మెట్లకు సరిపోయేది. ఎంత పెద్దదైనా ఉండవచ్చు, కానీ ఏ భరిణె అయినా ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఖాళీ అవుతుంది, ఆ పైన అంతా పసుపే. ఈ రకంగా ఎన్ని వేర్వేరు వరసలు కుదురుతాయో అన్ని వరసలకూ ఒక్కో భక్తురాలు ఉందనుకోండి. వీళ్లందరినీ మెట్టుకు ఒకరు చొప్పున కూర్చోబెట్టగలమా?

కూర్చోబెట్టగలం. ఒకటో మెట్టు దాటాక కుంకుమ వాడనివాళ్లు ఇద్దరే. వాళ్లను ముందు కూర్చోబెడదాం. రెండో మెట్టు దాటాక వాడనివాళ్లు నలుగురు, అందులో ఇద్దరు ఇప్పటికే కూర్చున్నారు, మిగతా ఇద్దరికీ తర్వాతి మెట్లు. మూడో మెట్టు దాటాక వాడనివాళ్లు ఎనిమిది మంది, కొత్తవాళ్లు నలుగురు. ఇలా బ్యాచీలుగా పిలుచుకుంటూ పోతే, ప్రతి ఒక్కరి భరిణె ఏదో ఒక మెట్టు దగ్గర ఖాళీ అవుతుంది కాబట్టి ప్రతి ఒక్కరి వంతూ వస్తుంది. ఎవరూ మిగలరు.

ఇప్పుడు ఒక్క షరతు తీసేద్దాం. కుంకుమ కూడా తరగదు. ఎవరికి తోచిన వరసలో వాళ్లు పసుపూ కుంకుమా ఎప్పటికీ పెట్టుకుంటూ పోవచ్చు. మళ్లీ అదే ప్రశ్న. కుదిరే ప్రతి వరసకూ ఒక భక్తురాలు. అందరికీ మెట్లు చాలుతాయా?

చాలాయని ఎవరో వచ్చి చెప్పారనుకుందాం. వాళ్లు సర్దిన తీరును తప్పుపట్టకుండా, ఒక కొత్త వరస కడదాం. ఒకటో మెట్టు మీద కూర్చున్నావిడ పూజలో ఒకటో మెట్టుకు ఏం పెట్టిందో అడుగుదాం. పసుపు అంటే మనం ఒకటో మెట్టుకు కుంకుమ పెడదాం, కుంకుమ అంటే పసుపు. రెండో మెట్టు మీద కూర్చున్నావిడను రెండో మెట్టుకు ఏం పెట్టిందో అడిగి దానికి ఎదురుది పెడదాం. మూడో ఆవిడను మూడో మెట్టు గురించి, వందో ఆవిడను వందో మెట్టు గురించి. ఇలా కట్టిన వరస ఎవరిది? ఒకటో ఆవిడది కాదు, ఒకటో మెట్టు దగ్గరే తేడా ఉంది. వందో ఆవిడదీ కాదు, వందో మెట్టు దగ్గర తేడా ఉంది. కూర్చున్నవాళ్లలో ఎవరిదీ కాదు. అంటే ఈ వరస పెట్టే భక్తురాలు ఇంకా కిందే నిలబడి ఉంది. అందరూ కూర్చున్నారన్న మాట తప్పు.

అవ్వకు చేసినట్టే అందర్నీ ఒక్క మెట్టు పైకి జరిపి ఈమెనూ కూర్చోబెడితే సరిపోదా? ఈమె కూర్చుంటుంది. కానీ కొత్త సర్దుబాటు మీద మళ్లీ అవే ప్రశ్నలు అడిగితే ఇంకొకామె కింద కనిపిస్తుంది. ఫలానా సర్దుబాటులో ఒకరు మిగిలారన్నది అసలు విషయం కాదు, ఏ సర్దుబాటు తెచ్చినా ఎవరో ఒకరు మిగులుతారన్నదే విషయం.

బాగా ఆలోచించే పాఠకులకు ఇంకో అనుమానం రావాలి. ఇదే ఎత్తు భరిణెలవాళ్ల మీద వేస్తే? వాళ్లందరినీ కూర్చోబెట్టేశాం కదా, అక్కడా ఎదురు వరస కట్టవచ్చు కదా? కట్టవచ్చు. ఆ వరస కూర్చున్నవాళ్లలో ఎవరిదీ కాదు, అదీ నిజమే. కానీ భరిణె ఖాళీ అయ్యేవాళ్లందరూ కూర్చునే ఉన్నారు. కాబట్టి కొత్త వరస పెట్టే ఆవిడ భరిణె ఎన్నటికీ ఖాళీ కాదు. ఆమె ఆ గుంపు మనిషే కాదు, ఆమెకు మెట్టు దొరక్కపోతే మన లెక్కకు వచ్చిన నష్టం లేదు. రెండు అనంతాల మధ్య సరిహద్దు ఎక్కడుందో నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కొక్కరి గురించి చెప్పాల్సిన విషయం ఎక్కడో ఒకచోట ముగిసిపోతే, ఎంత పొడుగైనా సరే, వాళ్లందరినీ మెట్ల మీద సర్దవచ్చు. చెప్పాల్సింది ఎప్పటికీ ముగియకపోతే మెట్లు చాలవు. కాంటర్ తన 1891 నిరూపణలో పసుపు కుంకుమలకు బదులు ఎం, డబ్ల్యూ అనే రెండు అక్షరాలు వాడాడు.

ఈ భక్తురాళ్ల గుంపు ఊహలోనే ఉండేది కాదు, మన చేతిలో దారప్పోగులో కూడా ఉంది. ఒక దారం తీసుకుని సగానికి మడవండి. కింది సగం ఎంచుకుంటే పసుపు, పై సగం ఎంచుకుంటే కుంకుమ. ఎంచుకున్న సగాన్ని మళ్లీ సగం చేసి మళ్లీ ఎంచుకోండి. అంతులేకుండా అలా ఎంచుకుంటూ పోతే చివరికి ఒకే ఒక బిందువు మీదికి గురి కుదురుతుంది. అంటే ఒక్కో పసుపు కుంకుమల వరస దారం మీద ఒక్కో బిందువు. సరిగ్గా మడత పడ్డచోట ఉన్న బిందువుకు మాత్రం రెండు వరసలు వస్తాయి, కానీ అలాంటి బిందువులు మెట్ల మీద సర్దగలిగినన్నే కాబట్టి ఫలితం మారదు. జానెడు దారంలో ఉన్న బిందువులు అంతులేని మెట్లన్నిటికన్నా ఎక్కువ.

దారం పొడవు పెంచితే బిందువులు పెరుగుతాయా? పెరగవు. వస్త్రంలా వెడల్పు కూడా ఇస్తే? కాంటర్ మొదట పెరుగుతాయనే అనుకున్నాడు. మన రెండు దారులతో చూస్తే జవాబు దొరుకుతుంది. వస్త్రం మీద ఒక బిందువును చెప్పాలంటే రెండు వరసలు కావాలి, పొడవుకు ఒకటి, వెడల్పుకు ఒకటి. పొడవు వరసను అలిపిరి భక్తురాలు, వెడల్పు వరసను శ్రీవారి మెట్టు భక్తురాలు పెడుతున్నారనుకోండి. ఇద్దరి పూజనూ ఒకే దారిలో కలిపేయవచ్చు. మొదటామె పెట్టినవన్నీ బేసి మెట్లకు, రెండో ఆమె పెట్టినవన్నీ సరి మెట్లకు. ఒక్క వరస అయింది. మళ్లీ విడదీస్తే ఇద్దరి వరసలూ చెక్కుచెదరకుండా వస్తాయి. కాబట్టి వరసల జంటలు ఎన్నో, వరసలూ అన్నే. చదరం నిండా ఉన్న బిందువులు దాని ఒక్క అంచు మీద ఉన్నన్నే. 1877లో ఈ సంగతి తేలినప్పుడు కాంటర్ డెడెకిండ్‌కు రాసిన ఉత్తరంలో, చూస్తున్నాను గానీ నమ్మలేకపోతున్నాను అని ఫ్రెంచిలో ఒక వాక్యం రాశాడు.

మధ్యలో ఇంకేమైనా ఉందా

ఇప్పుడు మన చేతిలో రెండు అనంతాలున్నాయి. మెట్లది ఒకటి, తరగని కుంకుమది ఒకటి. రెండోది పెద్దది. ఎదురు వరస కట్టే ఎత్తునే పై స్థాయిలో మళ్లీ వేస్తే దానికన్నా పెద్దది, ఆపైన ఇంకా పెద్దది వస్తూనే ఉంటాయి. అది తేలికగానే తేలింది. కాంటర్‌ను పట్టి పీడించింది కింది మెట్టు దగ్గరి ప్రశ్న. ఈ మొదటి రెండింటి మధ్యలో ఇంకో అనంతం ఉందా?

మన మాటల్లో చెప్పాలంటే, తరగని కుంకుమతో ఎక్కినవాళ్లలోంచి మీ ఇష్టం వచ్చిన నియమంతో ఒక గుంపును విడదీయండి. ఆ గుంపుకు అంతు ఉండకూడదు. అప్పుడు ఆ గుంపు మెట్ల మీద సరిపోతుందా, లేకపోతే మొత్తం భక్తురాళ్లతో ఒకరికొకరుగా జత కుదురుతుందా? ఈ రెండూ కానిది, మెట్లకు ఎక్కువై మొత్తానికి తక్కువైన గుంపు ఏదైనా ఉందా? అలాంటిది లేదని కాంటర్ 1878లోనే అన్నాడు. ఏళ్ల తరబడి పెనుగులాడినా నిరూపించలేకపోయాడు. తన పని మీద గణితజ్ఞుడు క్రోనెకర్ లాంటి పెద్దల వ్యతిరేకత ఒకవైపు, మళ్లీ మళ్లీ కుంగదీసిన మానసిక అనారోగ్యం ఒకవైపు. 1918లో జర్మనీలోని హాలె ఊళ్లో ఒక చికిత్సాలయంలో ఆయన కన్నుమూశాడు. 1900లో పారిస్‌లో హిల్బర్ట్ కొత్త శతాబ్దానికి అప్పజెప్పిన లెక్కల జాబితాలో మొదటిది ఈ ప్రశ్నే.

జవాబు రెండు ముక్కలుగా వచ్చింది. 1938 నుంచి 1940 మధ్య కుర్ట్ గోడెల్, మధ్యలో ఏమీ లేదనుకుంటే గణితం రుజువు అడగకుండా ముందే ఒప్పుకుని వాడే మామూలు మూలసూత్రాలతో ఏ పేచీ రాదని చూపించాడు. 1963లో పాల్ కోహెన్, మధ్యలో ఉందనుకున్నా పేచీ రాదని చూపించాడు. ఆ సూత్రాల్లో ఇప్పటికే ఏదైనా లోపం దాగి ఉంటే తప్ప, వాటితో ఈ ప్రశ్నను అటో ఇటో తేల్చడం ఎవరివల్లా కాదు. కోహెన్‌కు 1966లో గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం ఇచ్చారు.

జవాబు తెలియకపోవడం వేరు, ఈ సూత్రాలతో జవాబు తేలదని తెలియడం వేరు. రెండోది జరిగింది. దాన్ని ఎలా తీసుకోవాలన్న దగ్గర గణితజ్ఞులు విడిపోయారు. కొందరికి ఇది రెండు వేర్వేరు కొండల సంగతి, ఒక కొండ మీద మధ్య గుంపు ఉంటుంది, ఇంకో కొండ మీద ఉండదు, రెండూ సరైనవే. ఇంకొందరికి కొండ ఒక్కటే, దాన్ని వర్ణించడానికి మన సూత్రాలే చాలలేదు, కొత్త సూత్రం వెతకాలి. రెండో దారిలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న అమెరికన్ గణితజ్ఞుడు హ్యూ వుడిన్ 2000 ప్రాంతంలో కాంటర్ అంచనా తప్పని వాదించాడు. తర్వాతి ఏళ్లలో, తాను కడుతున్న కొత్త సిద్ధాంతం ఫలిస్తే కాంటర్ అంచనా నిజమవుతుందన్న వైపు మొగ్గాడు. ఆ సిద్ధాంతం ఇంకా పూర్తికాలేదు.